బోర్డు వయసు, కెర్నల్ వయసు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం, ఆ పైనవే పనికొస్తాయి. ఈ నిబంధనకు అందని పెట్టెలు కాలేజీ ల్యాబుల్లో, జిరాక్స్ షాపుల్లో, ఊళ్లలోని గ్రంథాలయాల్లో చాలానే ఉన్నాయి. వాటిని పారేయాలా, లినక్స్ ఎక్కించాలా? కొత్తవి కొంటే లినక్స్‌కు పొసగే బోర్డు ఏది? ఈ ప్రశ్నలకు బెంగళూరులో ఒక జవాబు సరిపోవచ్చు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని అనంతపురం పీఠభూమిలో, కొన్న వస్తువు చెడిపోతే మార్చుకోవడానికి రెండొందల కిలోమీటర్లు పంపాల్సిన చోట, జవాబు కొంత వేరుగా ఉంటుంది.

అనంతపురం క్లాక్ టవర్‌కు దగ్గర్లోని ఒక కంప్యూటర్ షాపులో ఇద్దరు దీని మీదే వాదించుకున్నారు. ఒకరు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైన సారు. కళ్యాణదుర్గం వైపు ఒక ఊరి గ్రంథాలయంలో పిల్లలకు కంప్యూటర్ గది పెట్టే పని తలకెత్తుకున్నారు. ఆరు కొత్త పెట్టెలు కావాలి, అన్నింట్లో డెబియన్ ఉండాలి, తెర మీద తెలుగు కనబడాలి. రెండో ఆయన షాపు యజమాని, సారు దగ్గరే చదువుకున్న శిష్యుడు. గురువంటే గౌరవం ఉంది. బోర్డుల సంగతి వచ్చేసరికి మాత్రం గురువు చెప్పిందల్లా ఒప్పుకునే రకం కాదు.

“చిప్‌సెట్ పేరు చూసి లినక్స్ పెట్టుకునే కాలం పోయింది సార్,” అని మొదలుపెట్టాడు శిష్యుడు. “మీరు పాఠం చెప్పేటప్పుడు నార్త్ బ్రిడ్జి, సౌత్ బ్రిడ్జి అని నల్లబల్ల మీద రెండు డబ్బాలు గీసేవాళ్లు. ఇప్పుడు నార్త్ బ్రిడ్జి యాడుండాది? మెమరీ కంట్రోలర్‌ను ఏఎండీ 2003లోనే ప్రాసెసర్ లోపలికి తీసుకుపోయె. ఇంటెల్ 2008లో తీసుకుపోయె. గ్రాఫిక్స్ కూడా లోపలికే పాయె. ఇంగ చిప్‌సెట్‌కు మిగిలిందేమి? యూఎస్‌బీ, సాటా, కొన్ని పీసీఐ లేన్లు. ఏఎం4లో ఏ300 అని ఉండాది సార్, దాంట్లో విడిగా చిప్‌సెట్ చిప్పే లేదు. అంతా ప్రాసెసరే చూసుకుంటాది.”

అతను చెప్పింది నిజమే. పైగా మిగిలిన పనులకు కూడా ఇప్పుడు ఉమ్మడి పద్ధతులున్నాయి. సాటా డిస్కులకు ఏహెచ్‌సీఐ, యూఎస్‌బీకి ఎక్స్‌హెచ్‌సీఐ, కొత్త ఎస్‌ఎస్‌డీలకు ఎన్‌వీఎంఈ. చిప్ ఎవరు చేసినా ఈ పద్ధతికి కట్టుబడితే కెర్నల్‌లో ఒక్కో దానికి ఒక్కో డ్రైవర్ చాలు. లినక్స్ ఈనాడు దాదాపు ఏ బోర్డు మీదైనా బూట్ అవుతోందంటే ప్రధాన కారణాల్లో ఇదొకటి. డ్రైవర్లు రాసే స్వచ్ఛంద కార్యకర్తల కష్టంతో పాటు ఈ ఉమ్మడి పద్ధతులకూ ఆ ఘనతలో వాటా ఉంది.

సారు మాత్రం పాత కథ ఒకటి తీశారు. “2001లో ఎన్విడియా వాళ్లు ఎన్‌ఫోర్స్ చిప్‌సెట్ తెచ్చినారు. నెట్‌వర్క్ భాగం చిప్‌సెట్ లోపలే ఉండేది. అది ఎట్ల పనిచేస్తుందో చెప్పరు. వాళ్లిచ్చిన డ్రైవర్ లోపల ఏముందో చూడనీయరు. చివరికి బయటి ప్రోగ్రామర్లు ఆ డ్రైవర్ నడతను గమనించి, వివరాలు రాసుకుని, 2003లో ఫోర్స్‌డెత్ అనే సొంత డ్రైవర్ రాసినారు. ఆ తర్వాత ఎన్విడియా ఇంజనీర్లే వచ్చి దానికి చేయి కలిపినారు. అంతవరకూ ఆ బోర్డు కొన్నవాని గతి ఏంది?”

“ఇరవై ఏండ్ల కిందటి మాట సార్ అది.”

“మాట పాతదే. చిక్కు పోలేదు, చోటు మారిందంతే. అప్పుడు చిప్‌సెట్ లోపలున్న నెట్‌వర్క్ ఇప్పుడు పక్కనున్న చిన్న చిప్‌లోకి పోయింది. నువ్వు హెచ్610 బోర్డు అని కొటేషన్‌లో రాస్తావు. దాని మీద నెట్‌వర్క్ చిప్ ఏదో రాస్తావా అప్పా?”

శిష్యుడు కొటేషన్ కాగితం వైపు చూశాడు. రాయలేదు. ఏ షాపులోనైనా ఆ వివరం రాయడం అరుదే. హెచ్610 అనే పేరుతో అరడజను కంపెనీలు బోర్డులు చేస్తాయి. ఒకరు రియల్‌టెక్ ఆర్‌టీఎల్8111 పెడతారు, ఇంకొకరు 2.5 గిగాబిట్ వేగమున్న ఆర్‌టీఎల్8125, మరొకరు ఇంటెల్ ఐ219-వీ. మొదటిదానికి కెర్నల్‌లోని ఆర్8169 డ్రైవర్ ఏండ్ల తరబడి తోడుంది. 8125కు అదే డ్రైవర్‌లో చోటు దొరికింది 5.4 కెర్నల్‌లో, అంటే 2019 నవంబర్‌లో. అదే 8125 పేరుతో తర్వాత వచ్చిన రివిజన్లకు ఇంకా కొత్త కెర్నల్ కావాలి. పెట్టె మీద అక్షరాలు ఒకటే, లోపలి చిప్ వేరు. ఇంటెల్ పేరుంటే నిశ్చింత అనుకోవడానికీ లేదు. 2020లో వచ్చిన ఐ225-వీ తొలి రివిజన్లలో హార్డ్‌వేర్ లోపమే ఉండింది. దాన్ని ఏ ఆపరేటింగ్ సిస్టమూ నయం చేయలేదు.

“నెట్‌వర్క్ మీద ఏంటికి ఇంత పట్టు అంటే,” సారు కాస్త ముందుకు వంగారు, “సౌండ్ రాకపోతే ఒక వారం ఆగొచ్చు. సెన్సార్ చదవకపోతే కొంప మునగదు. నెట్‌వర్క్ రాకపోతే డ్రైవర్ తెచ్చుకునే దారే మూసుకుపోతుంది. డ్రైవర్ నెట్‌లో ఉంటుంది, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఆ ఊర్లో నేను ఎవరిని పిలవాలి?”

“ఫోన్‌ను పిలవండి సార్,” అన్నాడు శిష్యుడు వెంటనే. “కేబుల్ తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని నెట్‌వర్క్ కార్డు లెక్క చూస్తాది. ఏ డ్రైవరూ అడగదు. ఆండ్రాయిడ్ ఫోన్ లేని ఇల్లు ఆ ఊర్లో ఎన్ని ఉంటాయి చెప్పండి? నేను శానా మందికి అట్లనే ఎక్కించినా.”

ఇది గట్టి జవాబు. పుస్తకాల్లో అరుదుగా కనిపించి, షాపుల్లో రోజూ అక్కరకొచ్చే ఉపాయం. సారు కూడా కాదనలేదు. ఆయన అభ్యంతరం ఆ తర్వాతి రోజుల గురించి. కెర్నల్‌లో లేని డ్రైవర్‌ను బయటినుంచి తెచ్చి పెడితే, కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ దాన్ని మళ్లీ కంపైల్ చేయాలి. ఆ పని దానంతట అది జరిగేలా డీకేఎంఎస్ అనే ఏర్పాటు ఉంది. కానీ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఆ డ్రైవర్‌కు సంతకం కావాలి, ఆ సంతకం తాళాన్ని బోర్డులో ముందుగా నమోదు చేయాలి. నేర్చినవాడికి ఇది పది నిమిషాల పని. గ్రంథాలయం చూసుకునే మనిషికి ఒకరోజు ఉదయం ఆరు పెట్టెల్లోనూ నెట్ పోయిందన్నదే తెలుస్తుంది.

“అందుకే, డెబియన్ పెన్‌డ్రైవ్‌లో ఏ కెర్నల్ ఉందో దానికి బోర్డు మీద ప్రతి చిప్పూ ముందే తెలిసుండాలి. నా లెక్క ఇదే. బోర్డు వయసు కెర్నల్ వయసు కంటే ఎక్కువుండాల,” అన్నారు సారు.

ఈ లెక్క గాల్లోంచి వచ్చింది కాదు. హెచ్610 చిప్‌సెట్టే దీనికి సాక్ష్యం. ఇంటెల్ దాన్ని 2022 జనవరిలో విడుదల చేసింది. అప్పటికి డెబియన్ స్థిర విడుదల 11, 2021 ఆగస్టులో వచ్చింది, కెర్నల్ 5.10. హెచ్610లో కూర్చునే 12వ తరం ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ సంగతి ఆ కెర్నల్‌కు తెలియదు. అందుకని అప్పట్లో కొన్నవాళ్లకు బూట్ అయ్యేది కానీ, తెర మొద్దు రెజల్యూషన్‌లో నిలిచిపోయేది. కొత్త కెర్నల్ తెచ్చి పెట్టుకున్నవాళ్లే గట్టెక్కారు. 2023 జూన్ 10న డెబియన్ 12 వచ్చింది, కెర్నల్ 6.1. అదే బోర్డు, అదే ప్రాసెసర్, ఏ గొడవా లేకుండా పనిచేశాయి. “ఈ బోర్డుకు లినక్స్ వస్తుందా” అని అడిగితే ఒక తేదీన ‘లేదు’, ఇంకో తేదీన ‘అవును’ జవాబయింది. ఏ విడుదల అని చెప్పకుండా బోర్డు లినక్స్‌కు పొసగడం గురించి చెప్పే ఏ మాటా పూర్తి మాట కాదు.

శిష్యుడికి ఇక్కడే పట్టు దొరికింది. “చూసినారా సార్! ఏడాదిన్నరలో దానంతటదే పోయిన చిక్కు. దానికి ఏంటికి భయం? ఫెడోరా పెట్టండి, ఆరు నెలలకొకటి కొత్త విడుదల వస్తాది. ఉబుంటు ఎల్‌టీఎస్ పెట్టండి, దాంట్లో పాత విడుదలకే కొత్త కెర్నల్ ఇస్తాండారు. మీరు డెబియనే అని కూర్చుంటే తప్పు బోర్డుదా, మీ పట్టుదలదా?”

“ఫెడోరా ఒక్కో విడుదలకు పదమూడు నెలలే కదప్పా దిక్కు. ఏడాదికోసారి ఆరు పెట్టెలకూ కొత్త విడుదల ఎక్కించేదెవరు? డెబియన్ అయితే మూడేండ్లు పూర్తిగా, ఆ పైన రెండేండ్లు భద్రతా మార్పులతో చూసుకుంటారు. పిల్లలు ఈ రోజు చూసిన తెరే వచ్చే ఏడు కూడా చూడాల. నేను ఊర్లో లేనప్పుడు కూడా నడవాల.”

“సరే, డెబియనే. మొన్న 2025 ఆగస్టు 9న డెబియన్ 13 వచ్చింది, కెర్నల్ 6.12. అది 2024 నవంబర్ నాటిది. ఇంటెల్ బీ860, హెచ్810 బోర్డులు వచ్చింది 2025 జనవరిలో. రెండు నెలల తేడా కోసం నన్ను 2022 నాటి బోర్డు తెమ్మంటాండారు!”

సారు కాసేపు ఆలోచించారు. ఈ ప్రశ్న ఆయన సూత్రాన్ని నిజంగానే వంచుతుంది. ఇంటెల్ తన చిప్‌సెట్, గ్రాఫిక్స్ డ్రైవర్లను విడుదలకు నెలల ముందే కెర్నల్‌కు పంపుతుంది. ఏఎండీ కూడా ఆ దారిలోనే నడుస్తోంది. కాబట్టి చిప్‌సెట్ వరకు రెండు నెలలు పెద్ద తేడా కాదు. తేడా వచ్చేది బోర్డు తయారీదారు కొని అతికించే తక్కిన చిప్‌ల దగ్గర. నెట్‌వర్క్, వైఫై, ఆడియో కోడెక్, ఉష్ణోగ్రతలు చదివే సూపర్ ఐఓ. వాటి డ్రైవర్లు కెర్నల్‌లోకి ఎప్పుడు వస్తాయో ఇంటెల్ చేతిలో లేదు. సారు చివరికి అన్నదీ అదే. చిప్‌సెట్ కొత్తదైనా ఒప్పుకుంటాను, చుట్టూ ఉన్నవి పాతవైతే. అలాంటి బోర్డు చూపించమన్నారు.

వైఫై మాట వచ్చేసరికి శిష్యుడే ఒక ఉదాహరణ ఇచ్చాడు. ఇంటెల్ ఏఎక్స్200 కార్డు మామూలు పీసీఐ కార్డు, ఎక్కడైనా పనిచేస్తుంది. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఏఎక్స్201 మాత్రం సగం కార్డే. తక్కిన సగం ఇంటెల్ చిప్‌సెట్ లోపల ఉంటుంది. దాన్ని ఏఎండీ బోర్డులో పెడితే ఏ కెర్నల్ వేసినా కనబడదు. ఒక్క అంకె తేడా చూసుకోక పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన కార్డుతో వచ్చి, “లినక్స్‌కు వైఫై రాదు” అని తిట్టిపోసేవాళ్లుంటారట. తప్పు లినక్స్‌ది కాదు. చిప్‌సెట్ పేరు నిజంగా అక్కరకొచ్చే కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

అలాంటిదే ఇంకొకటి డిస్కు దగ్గర ఉంది. ఇంటెల్ బోర్డుల బయోస్‌లో ఆర్‌ఎస్‌టీ అనో, వీఎండీ అనో ఒక ఎంపిక ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే లినక్స్ ఇన్‌స్టాలర్‌కు ఎస్‌ఎస్‌డీ కనిపించకపోవచ్చు. ఉబుంటు ఇన్‌స్టాలరైతే ఆర్‌ఎస్‌టీ ఆపి రమ్మని సూటిగా చెబుతుంది. ఏహెచ్‌సీఐకి మార్చగానే డిస్కు ప్రత్యక్షమవుతుంది. ఇంత చిన్న సంగతి తెలియక, కొత్త ఎస్‌ఎస్‌డీ చెడిపోయిందని వెనక్కి పంపడం మన దగ్గర సులువుగా జరిగే పొరపాటు.

“ఇంగ కొత్తదాని మీద మోజుకు ఇంకో మాట చెప్తా విను,” అన్నారు సారు. “2011 జనవరి 9న ఇంటెల్ 6 సిరీస్ చిప్‌సెట్లు అమ్మకానికి వచ్చినాయి. అదే నెల 31న ఇంటెలే లోపం ఉందని ప్రకటించింది. 3 గిగాబిట్ సాటా పోర్టులు కాలం గడిచేకొద్దీ క్షీణిస్తాయని చెప్పింది. బాగుచేసి మార్చి ఇవ్వడానికి 70 కోట్ల డాలర్లు అవుతాయని లెక్కేసింది. మూడు వారాలప్పా! మొదటి వారంలో కొన్నవాడు బోర్డు విప్పి తిరిగి పంపాల్సి వచ్చింది.”

“ఏఎండీకి కూడా చెప్పండి సార్, ఒక పక్షం ఏంటికి,” అని శిష్యుడు నవ్వాడు. చెప్పదగ్గది ఉంది. 2019 జులైలో రైజెన్ 3000 ప్రాసెసర్లు వచ్చినప్పుడు యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే ఆర్‌డీర్యాండ్ అనే సూచన ప్రతిసారీ ఒకే జవాబు ఇచ్చేది. దాన్ని నమ్ముకున్న సిస్టమ్‌డీ తికమకపడి, అప్పటి కొత్త డిస్ట్రోలు బూట్ కాకుండా ఆగిపోయాయి. పాత విడుదలలు చక్కగా లేచాయి. చివరికి బోర్డు కంపెనీలు బయోస్ మార్పులు ఇచ్చాక గానీ అది సర్దుకోలేదు. ఇక్కడ విడుదల కొత్తదై ఉండడమే మేలు అనే సూత్రం కూడా తలకిందులైంది.

అదే నెలలో వచ్చిన ఎక్స్570 చిప్‌సెట్‌కు మన జిల్లాకు సంబంధించిన ఇంకో లక్షణం ఉంది. పీసీఐ 4.0 వేడికి దాని మీద చిన్న ఫ్యాన్ బిగించారు, దాదాపు అన్ని బోర్డుల్లోనూ. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ, కిటికీ తీస్తే లోపలికొచ్చే ఎర్రదుమ్ము, ఆ మధ్యలో రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్ద ఫ్యాన్. అది ఆగిపోయినా ఎవరూ చూడరు. మరుసటి ఏడాది జూన్‌లో వచ్చిన బీ550కి ఆ ఫ్యాన్ అక్కర్లేదు. లినక్స్‌కు రెండూ ఒకటే, అనంతపురానికి కాదు. ఈ ఒక్క విషయంలో గురుశిష్యులిద్దరూ మాట కలిపారు. చిప్‌సెట్ మీద ఫ్యాన్ తిరిగే బోర్డు వద్దు.

ఆ తర్వాత శిష్యుడు పెద్ద అనుమానమే లేవనెత్తాడు. బోర్డు కంపెనీలు విండోస్‌లో పరీక్షించి వదిలేస్తాయి కదా, లినక్స్‌ను కావాలనే పక్కనపెడితే మనం చేసేదేముంది? దీనికీ చరిత్రలో ఒక కేసు ఉంది. 2008 జులైలో ఉబుంటు వాడే ఒకాయన ఫాక్స్‌కాన్ జీ33ఎం-ఎస్ బోర్డు బయోస్‌ను విప్పి చూశాడు. పవర్ మేనేజ్‌మెంట్ వివరాలుండే ఏసీపీఐ పట్టికలో విండోస్‌కు ఒక దారి, లినక్స్‌కు చెడిపోయిన ఇంకో దారి కనిపించాయి. ఇది కావాలని చేసిన ద్రోహమని ఆయన ఆరోపించాడు, దుమారం రేగింది. కెర్నల్ ప్రోగ్రామర్ మాథ్యూ గారెట్ అదే పట్టికను పరిశీలించి, కుట్ర కాదు, అజాగ్రత్త అని తేల్చాడు. ఎందుకంటే ఏసీపీఐ “నువ్వెవరు” అని అడిగినప్పుడు లినక్స్ తాను విండోస్‌నని చెబుతుంది. లినక్స్ కోసం రాసిన దారిలోకి అసలు అడుగే పెట్టదు. ఫాక్స్‌కాన్ ఆపై బయోస్‌ను సరిచేసింది.

“అంటే మన బోర్డు లోపల లినక్స్ మారుపేరు పెట్టుకుని బతుకుతాంది,” అన్నాడు శిష్యుడు. “మీరేమో స్వేచ్ఛ అంటారు సార్. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన స్వేచ్ఛ వాళ్ల సీడీ మాకు మీరే చూపించినారు. బాగుంది. మరి మీరు కొనే ఇంటెల్ చిప్‌సెట్ లోపల మేనేజ్‌మెంట్ ఇంజన్ అని ఇంకో కంప్యూటర్ ఉండాది కదా. దాని కోడ్ ఎవరికి తెలుసు? మీరు పైన ఏం పెట్టుకున్నా అడుగున అది నడుస్తానే ఉంటాది.”

మామూలుగా ఈ ప్రశ్న వచ్చినప్పుడు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అభిమానులు మాట మారుస్తారు. సారు మార్చలేదు. ఆ ఇంజన్‌లో నడిచేది మినిక్స్ అని 2017లో పరిశోధకులు బయటపెట్టారనీ, మినిక్స్ రాసిన టానెన్‌బామ్ ఆ నవంబర్‌లో ఇంటెల్‌కు బహిరంగ లేఖ రాశాడనీ ఆయనే చెప్పారు. ఏఎండీలోనూ అలాంటి భద్రతా ప్రాసెసర్ ఉంది. బయోస్‌నే బహిరంగ కోడ్‌తో మార్చేయాలని 1999లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో రాన్ మిన్నిక్ మొదలుపెట్టిన లినక్స్‌బయోస్ నేడు కోర్‌బూట్ పేరుతో బతికే ఉంది. కానీ అది ఎక్కే కొత్త డెస్క్‌టాప్ బోర్డులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎంఎస్ఐ ప్రో జెడ్690-ఏకు 2022లో దషారో అనే రూపంలో వచ్చింది. ఆ బోర్డు తెప్పించి, చిప్‌ను తిరగరాసి, పొరపాటైతే ప్రోగ్రామర్ క్లిప్పుతో లేపడం ఒక గ్రంథాలయం చేయగలిగే పని కాదు.

“నేను ఓడిపోయిన చోటు అదే నాయనా. దాస్తే ఏమొస్తుంది?” అన్నారు సారు. “2022లో డెబియన్ వాళ్లు ఓటు పెట్టుకున్నారు. స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేర్‌ను కూడా అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టాలా వద్దా అని. పెట్టాలనే గెలిచింది. డెబియన్ 12 నుంచి రియల్‌టెక్, ఇంటెల్ ఫర్మ్‌వేర్ పెన్‌డ్రైవ్‌లోనే వస్తుంది. మనసులో బాధే. కానీ ఆ ఊరి పిల్ల ఉదయం మిషన్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, తెలుగులో టైపు చేసుకుంటుంది. పై అంతస్తులో స్వేచ్ఛ ఉంటే కింది అంతస్తు కోసం పోరాడే మనుషులు అక్కడినుంచే వస్తారని నా నమ్మకం.”

ఆయన నమ్మకంలో కొంత ఆశ ఉంది, కొంత లెక్క కూడా ఉంది. కేరళ ప్రభుత్వ బడుల్లో కైట్ సంస్థ తయారుచేసిన ఉబుంటు ఆధారిత వ్యవస్థ మీదే పిల్లలు చదువుకుంటున్నారు. సీడాక్ చేసిన బాస్ లినక్స్ డెబియన్ మీద నిలబడ్డదే. ఈ రెండూ బోర్డు అడుగున స్వేచ్ఛ కోసం ఆగి కూర్చోలేదు.

పాత పెట్టెల దగ్గర వాదన మళ్లీ వేడెక్కింది. గ్రంథాలయానికి ఎవరో ఇచ్చిన నాలుగు హెచ్81 బోర్డుల పెట్టెలు ఉన్నాయి. 2013 నాటి చిప్‌సెట్, రెండే ర్యామ్ స్లాట్లు. ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ పెడితే డెబియన్‌కు నిండుగా సరిపోతాయని సారు. “వాటి మీద పైసా పెట్టొద్దు,” అని శిష్యుడు. “కెపాసిటర్లు ఉబ్బినాయి, స్లాట్లు వదులైనాయి. బోర్డు పోతే నేను తెచ్చి ఇచ్చేది ఇంకో పాతదే, రంగు పూసి కొత్త పెట్టెలో పెట్టింది. దానికి నేను గ్యారంటీ ఎట్లిస్తా?” సాఫ్ట్‌వేర్ పక్షాన సారు గెలిచారు. డెబియన్‌కు ఏ 64 బిట్ ప్రాసెసరైనా చాలు. అదే 2025 మేలో వచ్చిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 అయితే ఏవీఎక్స్2 సూచనలు అడుగుతుంది, ఆ కాలపు పెంటియం, సెలెరాన్‌లలో అవి లేవు. ఇనుము, సీసం పక్షాన మాత్రం శిష్యుడి మాటే నెగ్గింది. కరెంటు ఎగుడుదిగుళ్లకు పన్నెండేళ్లు తట్టుకున్న బోర్డుకు ఎవరూ పూచీపడలేరు. ఉన్నన్నాళ్లు వాడి, పోతే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఊడబీకి దాచుకోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎస్‌ఎస్‌డీ కొత్త పెట్టెలోనూ పనికొస్తుంది. డీడీఆర్3 ర్యామ్ తక్కిన హెచ్81లకే.

ఇక ఆరు కొత్తవి. సారు జేబులోంచి కాగితం తీశారు. లినక్స్ వాడేవాళ్లు తమ పెట్టెలోని ప్రతి చిప్ పేరు, దాని డ్రైవర్ పనిచేసిందీ లేనిదీ నమోదు చేసే బహిరంగ జాబితా నుంచి రాసుకొచ్చిన నంబర్లవి. ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశం చూపించే నాలుగక్షరాల తయారీదారు సంఖ్య, నాలుగక్షరాల చిప్ సంఖ్య. “పక్క చేన్లో ఎన్నడుగులకు నీళ్లు పడినాయో కనుక్కోకుండా మన చేన్లో బోరు వేస్తామా అప్పా? ఇదీ అంతే. అదే బోర్డు, అదే రివిజన్ ఎవరో వాడి రాసిపెట్టినారు. చూసి కొందాం.”

“రివిజన్ దగ్గరే వస్తాది సార్ చిక్కు,” అన్నాడు శిష్యుడు, ఈసారి అమ్మకందారు గొంతుతో కాదు, రిపేరు బల్ల దగ్గరి గొంతుతో. “మోడల్ పేరు అదే ఉంటాది. రెండో బ్యాచ్‌లో నెట్‌వర్క్ చిప్ మార్చేస్తారు. డిస్ట్రిబ్యూటర్‌ను అడిగితే ఆయనకు తెల్దు. డబ్బా విప్పితే గానీ నాకూ తెల్దు.”

“విప్పినాక నీకు తెలుస్తుంది కదా. డబ్బు ఇవ్వకముందే డెబియన్ 13 లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఇక్కడే లేపు. కేబుల్ తగిలించి నెట్ చూడు. సౌండ్ చూడు. ఒకసారి నిద్రపుచ్చి మళ్లీ లేపు. సెన్సార్స్ అని కొట్టి వేడి చదువుతుందో లేదో చూడు. ఇంతే నా షరతు.”

“ఆరు బోర్డులకూ?”

“ఆరింటికీ. ముందు ఒక్కటి తెప్పించు. అది పాసైతే తక్కిన ఐదు.”

శిష్యుడు క్యాలిక్యులేటర్ పక్కకు జరిపాడు. ఒక్కటి తెప్పిస్తే ఒక ధర, ఆరు తెప్పిస్తే ఇంకో ధర. రెండోసారి తెప్పించేలోగా స్టాక్ మారొచ్చు, బ్యాచ్ కూడా మారొచ్చు. అప్పుడు మొదటి బోర్డును పరీక్షించిన లాభం ఏముందని అతని వాదన. అది న్యాయమైన వాదనే. చివరికి ఒక మధ్యేమార్గం అతనే చెప్పాడు. ఆరూ ఒకే బ్యాచ్ నుంచి తెప్పిస్తాడు. ఒక్క డబ్బా విప్పి పరీక్షిస్తాడు. అది పాస్ కాకపోతే సీలు తీయని ఐదూ డిస్ట్రిబ్యూటర్‌కు వెనక్కి పోతాయి, విప్పిన ఒక్కటి షాపులో విండోస్ అడిగేవాళ్లకు పనికొస్తుంది.

కొటేషన్ మళ్లీ రాశారు. హెచ్610 బోర్డు, ఆర్‌టీఎల్8111 నెట్‌వర్క్ చిప్ ఉన్నది మాత్రమే. ఐ3-12100 ప్రాసెసర్, దాంట్లో నాలుగూ ఒకే రకం కోర్లు కాబట్టి పెద్ద కోరు, చిన్న కోరు అన్న పేచీ లేదు. 8 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. వైఫై లేదు, గోడ వెంబడి కేబులే. బీ860 గురించి శిష్యుడు ఆఖరి ప్రయత్నంగా ఇంకోసారి అడిగాడు, ఐదేళ్ల తర్వాత ప్రాసెసర్ మార్చుకునే వీలుంటుందని. ఈ గ్రంథాలయంలో ప్రాసెసర్ మార్చేవాళ్లు ఉండరని సారు.

“మరి పవర్ సప్లై?” అన్నాడు శిష్యుడు. “క్యాబినెట్‌తో వచ్చేది పెట్టేదా?”

“అది మాత్రం వద్దు,” అన్నారు సారు, కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుంటూ. “చెప్పు, నీ దగ్గర మంచివి ఏమేమి ఉన్నాయి?”